పసుపు మరక ఎర్రబడిందా? సబ్బు పక్కన పెట్టండి

దసరా, బతుకమ్మ అయి చుట్టాలు వెళ్లిపోయాక వచ్చే ఉత్తరాలన్నీ దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. ఈసారి కింద పరిచేవాటి వంతు.

ప్రశ్న: మా అమ్మ పెట్టిన వరంగల్ కొత్తవాడ జంపఖానా మీద వ్రతం నాడు పసుపు నీళ్లు ఒలికాయి. సర్ఫ్ వేసి బ్రష్‌తో రుద్దితే మరక పోలేదు సరికదా, ఎర్రగా తిరిగింది. బట్ట పాడైనట్టేనా? బ్లీచింగ్ వేయమని పక్కింటివాళ్లు అంటున్నారు.
– ఒక గృహిణి, హన్మకొండ

జవాబు: బ్లీచింగ్ జోలికి పోకమ్మా. పసుపు మరక సంగతేమో గానీ జంపఖానా రంగులన్నీ తెల్లబోతాయి. బట్టకేమీ కాలేదు. సబ్బు, సోడా, సున్నం ఏది తగిలినా పసుపు ఎర్రబడుతుంది. పారాణి కోసం పసుపులో సున్నం కలిపేదే అందుకు. నీ జంపఖానా మీద సర్ఫ్ ఆ పనే చేసింది.

కాబట్టి ముందు ఆ సబ్బును వదిలించాలి. మంచినీళ్లలో ముంచి పిండిన బట్టతో అద్దుతూ, బట్ట మారుస్తూ పో. నురగ రావడం ఆగాక కాసిన్ని నీళ్లలో నిమ్మరసం పిండి ఆ మరక మీద అద్దు. ఎరుపు పోయి మళ్లీ పసుపు రంగుకు వస్తుంది. ఇక మిగిలిన పని ఎండది. పసుపు రంగు వెలుతురుకు నిలవదు. అయితే అదే ఎండ మీ అమ్మ ముచ్చటపడి కొన్న ఎరుపునూ నీలాన్నీ కూడా తినేస్తుంది. అందుకని మరక ఉన్నంత మేర వదిలి, మిగతాదంతా పాత దుప్పటితో కప్పి ఎండబెట్టు. ఒక్కరోజులో పోలేదని మళ్లీ సబ్బు తీయకు.

నిమ్మరసం వేసే ముందు ఒక మూల తడి తెల్లగుడ్డతో గట్టిగా అదిమి చూడు. గుడ్డకు రంగు అంటితే, ఆ జంపఖానాను బకెట్లో నానబెట్టడం అన్న మాటే వద్దు. ఎరుపు వెళ్లి పక్కనున్న తెలుపులో కూర్చుంటే దాన్ని తీసేవాళ్లు ఉండరు.

మాది కొత్తవాడే. మా బాపు ఎవరికి దరీ (అదే, జంపఖానా) చుట్టి ఇచ్చినా, "దులుపుండ్రి గని ఊకె ఉతకకుండ్రి" అనే పంపేవాడు. నూలు దరీని నీళ్లు కాదు, లోపలికి దిగిన ఇసుకే ఎక్కువ కొరుకుతుంది. మనం నడిచినప్పుడల్లా ఆ ఇసుక పేకను రాపాడిస్తుంది. వారానికోసారి బోర్లా తిప్పి వెనకవైపు కర్రతో తట్టండి, దుమ్ము దానంతటదే కింద రాలుతుంది. పైనుంచి కొడితే మరింత లోపలికి పోతుంది. ఎప్పుడైనా ఉతకాల్సే వస్తే ఆరేయడానికి దండెం వద్దు. తడిసిన దరీ బరువుకు నడుమ సాగి, మళ్లీ చదునుగా పడదు. నులక మంచం మీద పరిస్తే పైనా కిందా గాలి ఆడుతుంది.

ప్రశ్న: మా అత్తగారి కాలం నాటి ఉన్ని తివాచీ మంచం కింద ఉన్న భాగంలో బోడిగా అయింది. తిరగేస్తే వెంట్రుకల్లాంటి నూగుతో చిన్న గోధుమరంగు పురుగులు కనిపించాయి. కలరా ఉండలు చల్లాను. తగ్గలేదు.
– ఒక ఉపాధ్యాయురాలు, కరీంనగర్

జవాబు: కలరా ఉండలు మూత ఉన్న పెట్టెలో పనిచేస్తాయి, గదిలో పరిచిన తివాచీ మీద కాదు. పైగా ఇంట్లో పాకే పిల్లలుంటే ఒకటి నోట్లో పెట్టుకున్నా ప్రమాదమే. ముందు వాటిని ఏరి పారేయండి.

అవి ఉన్నిని తినే ఒక రకం పెంకుపురుగు పిల్లలు. పెద్దవైతే కిటికీ వెలుగుకు ఎగిరిపోయి పూల పుప్పొడి తింటాయి. పిల్లలకు మాత్రం ఉన్ని, వెంట్రుకలు, ఈకలు కావాలి. వెలుతురంటే గిట్టదు, అందుకే మంచం కింద, బీరువా అడుగున చేరతాయి. బతుకమ్మకు తెచ్చిన తంగేడు, గునుగు పూలతో కూడా ఇంట్లోకి రావచ్చు. అలాగని పండుగ మానుకుంటామా?

వాక్యూమ్‌తో రెండువైపులా, ముఖ్యంగా అంచుల వెంట, పీల్చి ఆ చెత్తను ఇంటి బయట పారేయండి. తర్వాత డాబా మీద మధ్యాహ్నపు ఎండలో బోర్లా వేయండి. రంగు వైపు కిందికే ఉండాలి. గుడ్లు మిగిలి ఉంటాయి కనుక కొన్నాళ్లకు మళ్లీ ఇదే చేయాలి. మంచం కూడా అప్పుడప్పుడు జరపండి. వేపాకు పెడితే పెట్టండి, అది ఉన్న పురుగును చంపదు. దాచాల్సి వస్తే మడత పెట్టకుండా చుట్టి, పాత నూలు చీరలో కట్టండి. ప్లాస్టిక్ సంచిలో వానాకాలం చెమ్మ నిలిచి బూజు పడుతుంది.

బోడి అయినచోట తిరిగి ఉన్ని ముడులు వేయించవచ్చు. కానీ చేసేవాళ్లు తగ్గిపోయారు. 1851లో లండన్ ఎగ్జిబిషన్‌కు తివాచీలు పంపిన ఊరు మన వరంగల్. ఇప్పుడు ముడి వేసే చెయ్యి కోసం వెతకాలి.

ప్రశ్న: దరీ చేనేతదో కాదో ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకుడు, జనగామ

జవాబు: తిరగేస్తే డిజైన్ నేసిందా, అచ్చు వేసిందా తెలుస్తుంది, చేనేతా కాదా అన్నది మాత్రం దాంతోనే తేలదు. మగ్గం మీద రంగు దారంతో నేసిన డిజైన్ రెండువైపులా ఒకేలా ఉంటుంది. అచ్చు వేసినది వెనకవైపు వెలిసినట్టు కనిపిస్తుంది. వరంగల్ దరీకి 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది, కొనేటప్పుడు ఆ గుర్తు అడగండి. రెండు ముఖాలూ వాడుకోవచ్చు కాబట్టి నెలకోసారి తిప్పి వేస్తే అరుగుదల సమానంగా ఉంటుంది.

ప్రశ్న: సోఫా ముందు వేసిన కార్పెట్ కింద తెల్లటి పొడి రాలుతోంది. పురుగేనా? ఉతికిస్తే పోతుందా?
– మంచిర్యాల నుంచి

జవాబు: పురుగు కాదు. దాని కుచ్చులను వెనకనుంచి పట్టి ఉంచే రబ్బరు జిగురు ముసలిదైంది. తడిపితే ఇంకా తొందరగా ఊడుతుంది, డ్రైక్లీనింగ్ మందులు కూడా దానికి పడవు. కింద పాత దుప్పటి వేసి ఉన్నన్నాళ్లు వాడండి. డబ్బు పెట్టి బాగు చేయించే సరుకు కాదది.