బండి కొనబోయే అల్లుడికి

అల్లుడూ,

మూడు డోర్ల మహీంద్రా థారా, అయిదు డోర్ల థార్ రాక్సా, లేకపోతే నర్సంపేటలో అమ్మకానికున్న ఆ పాత మారుతీ జిప్సీనా అని అడిగావు. మూడింటికీ హార్స్ పవర్ రాశావు గానీ, వీల్‌బేస్ ఒక్కదానికీ రాయలేదు. నేను ముందు చూసేది అదే.

వీల్‌బేస్ అంటే ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం. అది జిప్సీకి 2375 మిల్లీమీటర్లు, థార్‌కు 2450, రాక్స్‌కు 2850. థార్‌కూ రాక్స్‌కూ తేడా 400, అంటే మూరకు కాస్త తక్కువ. షోరూంలో ఆ మూర వెనక సీటు సుఖంగా కనబడుతుంది. మీ పొలం దారిలో చెరువు కట్ట ఎక్కి దిగేటప్పుడు ఆ మూర వల్లే కట్ట బండి పొట్టకు తగులుతుంది. ముందు టైర్లు అవతలికి దిగుతాయి, వెనకవి ఇంకా ఇవతలే ఉంటాయి, మధ్యలో బండి కట్ట మీద కూర్చుంటుంది. అప్పుడు నాలుగు చక్రాలూ గిర్రున తిరిగినా లాభం లేదు, జాకీ, పార తియ్యాల్సిందే. బండి పొడుగు పెరిగితే కింద ఎత్తు కూడా పెరగాలి. చిన్న ఒడ్డయితే కాస్త ఏటవాలుగా, ఒక్కో చక్రం చొప్పున దాటించు. నిలువు కట్ట మీద ఆ పని చెయ్యకు, బోల్తా పడతావు.

మలుపుల్లో వెనక చక్రం ముందు చక్రం జాడలో రాదు, లోపలికి కోసుకుంటూ వస్తుంది. పొడుగు బండి ఇంకా ఎక్కువ కోస్తుంది. బాట పక్కన హద్దురాయి ఉంటే, దాన్ని బాగా దాటాకే తిప్పు.

అట్లాగని పొట్టి బండే గొప్పదని కాదు. రాళ్ల గుట్ట ఎక్కేటప్పుడు ముందుకూ వెనక్కూ ఊగుతుంది, ముక్కు తేలికైందంటే స్టీరింగ్ మాట వినదు. ములుగు రోడ్డు మీద స్పీడ్‌గా పోయినా పొడుగు బండిదే నిలకడ. మా అక్కను ఎక్కించుకుని వారం వారం హైదరాబాద్ తిరిగేటట్లయితే రాక్స్ తీసుకో, నేను కాదనను.

ఇక స్టీరింగ్. థార్‌లో ర్యాక్ అండ్ పినియన్, అంటే పళ్ల చక్రం పళ్ల కడ్డీని నేరుగా జరుపుతుంది, చెయ్యి కదిలిస్తే చక్రం కదులుతుంది. జిప్సీలో రీసర్క్యులేటింగ్ బాల్, అంటే మధ్యలో చిన్న గుండ్లున్న స్టీరింగ్ బాక్స్. స్టీరింగ్ నేరుగా ఉన్నప్పుడు కాస్త ప్లే, అంటే వదులు ఉంటుంది, కొత్తవాళ్లు అది చూసి బండి పాడైందనుకుంటారు. కానీ రాయి తగిలిన దెబ్బ చేతి దాకా అంతగా రాదు. ఏ బండైనా సరే, బొటనవేళ్లు స్టీరింగ్ లోపలికి పెట్టకు, అంచు మీదే ఉంచు. చక్రం రాయిని గుద్దినప్పుడు స్టీరింగ్ ఒక్క ఉదుటున తిరిగితే లోపలి కడ్డీ తగిలి వేలు విరుగుతుంది.

వానాకాలం నల్లరేగడిలో, ట్రాక్టర్ గాడిలో పడ్డాక ఇంకో తిరకాసు. నువ్వు స్టీరింగ్ తిప్పినా బండి గాడి వెంటే పోతుంటుంది, చక్రాలు నేరుగానే ఉన్నాయనుకుంటావు. ఎక్కడో పట్టు దొరకగానే పక్క పత్తిచేనులోకి దూకుతుంది. తల బయటపెట్టి టైర్ ఎటు తిరిగి ఉందో చూసుకో. స్టీరింగ్ చివరిదాకా తిప్పి ఉన్నప్పుడు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కకు, యాక్సిల్ జాయింట్లు పోతాయి. తార్రోడ్డు ఎక్కగానే ఫోర్ బై ఫోర్ తీసెయ్, లేకుంటే మలుపులో బిగుసుకుంటుంది. నేర్చుకోవడానికి మీ చెలక చాలు. పాకాల, ఏటూరునాగారం అడవుల్లోకి పోకు, అవి అభయారణ్యాలు.

ఆ జిప్సీని పైకి లేపి పెద్ద టైర్లు వేశారన్నావు కదా, నా అనుమానం అక్కడే. జిప్సీలా రెండు ముందు చక్రాలూ ఒకే యాక్సిల్ మీద ఉండే బండిని లేపితే, స్టీరింగ్ బాక్స్ నుంచి చక్రం వైపు వచ్చే డ్రాగ్ లింక్ అనే కడ్డీ ఏటవాలవుతుంది. దాన్ని సరిచెయ్యకపోతే చక్రం గుంతలో లేచి పడినప్పుడల్లా బండి దానంతటదే పక్కకు లాగుతుంది. స్పీడ్‌లో స్టీరింగ్ గజగజ వణికితే "డ్యాంపర్ (స్టీరింగ్ కుదుపు తగ్గించే షాక్ అబ్జార్బర్) మారిస్తే సరిపోతుంది" అంటారు, నమ్మకు. డ్యాంపర్ ఆ వణుకును దాచిపెడుతుందంతే. ముందు చక్రాలు పక్కకు తిరిగే చోట ఉండే కింగ్ పిన్ బేరింగులు, రెండు చక్రాలనూ కలిపే టై రాడ్ కొసల జాయింట్లు చూడాలి.

ఆదివారం ఇద్దరం పోదాం. నేను స్టీరింగ్ కొద్దికొద్దిగా అటూ ఇటూ ఆడిస్తుంటాను, కింద ఏ జాయింట్ ఆలస్యంగా కదులుతోందో చూసేది నువ్వు. పాత షర్ట్ వేసుకుని రా.

మీ మామ,
హన్మకొండ