గ్రాఫు గీసే ముందు, బుజ్జీ

విశాఖపట్నం

చిరంజీవి బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

మొన్న ఫోన్లో "పెదనాన్నా, సముద్రంలో కొట్టుకుపోతూ కొలిచే ఆర్గో ఫ్లోట్ల ఇరవై ఏళ్ల ఉప్పదనం డేటా రెండు రోజుల్లో దింపేశాను, ట్రెండ్ కూడా వచ్చేసింది" అన్నావు. సంతోషమే. మా రోజుల్లో ఇరవై రోజులు ఓడలో తిరిగితే ముప్ఫై నలభై స్టేషన్ల, అంటే ఓడ ఆపి కొలిచే చోట్ల, కొలతలు చేతికొచ్చేవి. అందులో మొదటి మూడు రోజులూ నేను బకెట్ పట్టుకుని పడుకునేవాణ్ణి. కానీ అంత తొందరగా వచ్చిన ట్రెండ్ అంటే నాకు టెన్షన్. ఫోన్లో చెప్పలేకపోయినవి రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

ముందు నా పరువు తక్కువ సంగతి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక క్రూజ్ కొలతలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించే పని నాకిచ్చారు. లాగ్‌బుక్‌లో స్టేషన్ అక్షాంశం, రేఖాంశం 17 డిగ్రీల 40 నిమిషాలు, 83 డిగ్రీల 50 నిమిషాలు అని ఉంటే నేను 17.40, 83.50 అని కొట్టుకుంటూ పోయాను. డిగ్రీకి 60 నిమిషాలు కదా, 17.67, 83.83 అని కొట్టాలి. స్టేషన్ అసలు చోటు నుంచి దాదాపు 46 కిలోమీటర్లు జరిగిపోయింది. ఆ చుక్క నేల మీద పడి ఉంటే మ్యాపు గీసిన రోజే నవ్వుకుని దిద్దుకునేవాళ్లం. సముద్రంలోంచి సముద్రంలోకే జరిగింది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. రెండేళ్ల తర్వాత మా సీనియర్ ఒకాయన ఆ ఫైలు పైనుంచి కిందిదాకా చూసి, "దశాంశం తర్వాత 60 దాటిన అంకె ఒక్కటీ లేదేమిటయ్యా?" అన్నారు. అంతే, నా గొంతు తడారిపోయింది. అప్పటిదాకా ఆ ఫైలుతో గీసిన మ్యాపులన్నీ మళ్లీ గీశాం. ఇప్పటికీ పాత ఫైలు ఏది తెరిచినా నా కన్ను ముందు అక్కడికే పోతుంది. నువ్వూ అక్కడే మొదలుపెట్టు. టైముతోనూ ఇదే తంటా. ఒకరు గ్రీన్‌విచ్ టైము రాస్తారు, ఇంకొకరు మన టైము రాస్తారు. ఐదున్నర గంటల తేడాలో మధ్యాహ్నం కాస్తా పొద్దున్న అయి కూర్చుంటుంది.

వచ్చే నెల నువ్వు ఓడెక్కుతున్నావు కాబట్టి ఇంకొకటి. సీటీడీ, అదే ఉప్పదనం, ఉష్ణోగ్రత, లోతు కొలుస్తూ నీళ్లు పట్టుకొచ్చే యంత్రం, పైకి రాగానే అందరూ సీసాలు పట్టుకుని ఎగబడతారు. ఎవరెంత తొందర పెట్టినా ఆక్సిజన్ శాంపిల్ ముందు తీయాలి, ఉప్పదనానికి చివర. రబ్బరు గొట్టాన్ని సీసా అడుగుదాకా దించు. గొట్టంలో బుడగ కనిపిస్తే వేలితో తట్టి వదిలించు. సీసా నిండాక మూడింతల నీళ్లు పొర్లిపోనీ, చేతులు తడుస్తాయని చూడకు. మాంగనీస్, అయొడైడ్ ద్రావణాలు వేసి మూతపెట్టి తిరగేస్తే గోధుమరంగు మడ్డి పేరుకుంటుంది. మన బంగాళాఖాతంలో 200 మీటర్ల కింద ఆక్సిజన్ బాగా తక్కువ. పైన గాలిలో ఉన్నది పుష్కలం. ఒక్క బుడగ లోపల చిక్కినా నీ రీడింగు అబద్ధం చెబుతుంది. బుడగ పడిందనుకుంటే పడిందని రాసెయ్. "మూత సరిగా పడలేదు", "వాన పడుతోంది", "ఈ సీసా నేను కాదు, పక్కవాళ్లు తీశారు", ఇవన్నీ లాగ్‌లో ఉండాలి. చక్కని దస్తూరీతో, ఒక్క కొట్టివేత లేకుండా ఉన్న లాగ్‌బుక్ చూస్తే నాకు నమ్మకం కుదరదు. రాత్రికి గదిలో కూర్చుని ఫెయిర్ కాపీ చేసినదే అయ్యుంటుంది.

ఇక నీ ఆర్గో సంగతి. ఆ ఫ్లోట్లు 1000 మీటర్ల లోతున కొట్టుకుపోతూ, పది రోజులకోసారి 2000 మీటర్లకు దిగి, కొలుచుకుంటూ పైకొచ్చి, ఉపగ్రహానికి పంపేస్తాయి. వెంటనే వచ్చేది కంప్యూటర్ పైపైన తనిఖీ చేసిన డేటా. తర్వాత నెలల తరబడి ఒక మనిషి కూర్చుని దిద్దిన డేటా వేరు. ఫైలు పేరు ముందు 'ఆర్' ఉంటే మొదటిది, 'డి' ఉంటే రెండోది. రెండూ కలిపేశావా? ఉప్పదనం సెన్సర్ ఏళ్లు గడిచేకొద్దీ కొద్దికొద్దిగా పక్కకు జరుగుతుంది. దిద్దని ఫైళ్లు ఎక్కువగా చివరి ఏళ్లవే ఉంటాయి. అంటే నీకొచ్చిన ట్రెండ్ సముద్రానిదో సెన్సర్‌దో చెప్పలేం. అడ్జస్టెడ్ అని ఉన్న కాలమ్ తీసుకో, ఫ్లాగ్ 1 (మంచి కొలత అన్న గుర్తు) ఉన్నవే ఉంచి మళ్లీ గీసి చూడు. మన దేశం ఫ్లోట్ల డేటా చూసేది హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్లే, అనుమానం వస్తే మొహమాటపడకుండా మెయిల్ పెట్టు.

ఇది నా చాదస్తం అనుకోకు. 2006లో అమెరికాలో పేరున్న శాస్త్రవేత్తలే, 2003 నుంచి 2005 లోపు సముద్రం పై 750 మీటర్లు చల్లబడిందని పేపర్ వేశారు. తీరా చూస్తే కొన్ని ఫ్లోట్లలో కింది లోతు ఉష్ణోగ్రత పై లోతు పక్కన నమోదవుతోంది. కింద చలి ఎక్కువ కదా, పైన చల్లబడినట్టు కనిపించింది. దానికి తోడు ఓడల నుంచి జారవిడిచే ఎక్స్‌బీటీల్లో (ఉష్ణోగ్రత కొలిచే పరికరాల్లో) లోతు కొలిచే సెన్సరే ఉండదు, పడే వేగాన్ని బట్టి లెక్క కట్టాలి. అందులో ఇంకో తప్పు, అది వేడి వైపు. ఎక్స్‌బీటీల వాటా తగ్గి ఫ్లోట్లు పెరిగేకొద్దీ అదీ చల్లబడినట్టే చూపించింది. తప్పు బయటపెట్టి 2007లో దిద్దుకున్నదీ వాళ్లే. నాకు మొదటి పేపర్ కన్నా ఆ దిద్దుబాటు మీదే గౌరవం.

అలాగని తేడాగా కనిపించిన అంకెనల్లా తీసిపారేయకు. అక్టోబర్, నవంబర్‌లలో గంగ, గోదావరి నీళ్లు తీరం వెంట దక్షిణానికి జారుతుంటే ఇక్కడ పైనీటి ఉప్పదనం 30 కన్నా కిందికి పడిపోతుంది. ఏడాది సగటు చూసి దూరంగా ఉన్నవాటిని కత్తిరించే ప్రోగ్రామ్‌కి అదంతా చెత్తలాగే కనిపిస్తుంది. వానలు, తుపాన్ల నెలల్లో పాత ఓడల కొలతలు అసలే తక్కువ. ఉన్న నాలుగూ నువ్వు పారేస్తే ఇక మిగిలేదేమీ ఉండదు.

విశాఖ హార్బర్ నీటిమట్టం రికార్డు 1937 నుంచి ఉంది, నీ థీసిస్‌లో అది తప్పకుండా వాడు. మన దగ్గర మట్టం మార్చి ప్రాంతంలో అడుగున ఉండి అక్టోబర్, నవంబర్‌లలో పైకెక్కుతుంది. ఏదో ఒక ఏడాది నవంబర్ రీడింగు లేకపోతే ఆ ఏడాది సగటు దానంతటదే తగ్గుతుంది. నెలలు లెక్కపెట్టకుండా ఏడాది సగటు తీయకు. నీటిమట్టం కొలిచే గేజ్ నిలబడింది నేల మీద కాబట్టి, నేల కుంగినా సముద్రం పెరిగినట్టే చూపిస్తుంది. పక్కన ఎత్తుకి గుర్తుగా పాతిన బెంచ్‌మార్క్ రాయితో ఎప్పుడెప్పుడు సరిచూశారో కూడా అడుగు. విసుక్కుంటారు, అయినా అడుగు.

దింపుకున్న ఫైళ్లు ఏ తేదీన దింపావో రాసి, తాళం వేసినట్టు పక్కన పెట్టు. పని అంతా కాపీ మీదే.

నా పాత క్రూజ్ నోట్‌బుక్కులు రెండు కొరియర్‌లో పంపుతున్నాను. నీలం అట్టదాంట్లో మధ్య పేజీలు ఉప్పునీటికి అంటుకుపోయాయి, లాగకు, ముందు ఫోటోలు తీయించు. ఎర్ర ఇంకుతో ఉన్నవి నేను తర్వాత దిద్దినవి. పెన్సిల్‌తో ఉన్నవే అసలు కొలతలు. పెద్దమ్మ జంతికలు కూడా పెట్టింది, ల్యాబ్‌లో అందరికీ పంచు.

మీ పెదనాన్న