లంక గ్రామం వరదకు ముందే ఏం రాసిపెట్టుకోవాలి?

మీరు అడిగింది ఇది: "మాది కోనసీమలో లంక గ్రామం. ఏటా గోదావరి పొంగాకే హడావిడి పడుతున్నాం. వాట్సాప్‌లో ఎవరికి తోచింది వారు పెడుతున్నారు, ఏది నమ్మాలో తెలియడం లేదు. ఈసారి ఊరంతా ముందే సిద్ధం కావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?"

మాదీ లంకే, అంటే గోదావరి పాయల మధ్య ఉన్న ఊరు, పి.గన్నవరం వైపు. 2022 జులై వరద తర్వాత మా ఊళ్ళో కొందరం కలిసి చేసిన పనులు చెబుతాను. అన్నిటికన్నా ముందు ఒక పుస్తకం పెట్టండి. భద్రాచలంలో గోదావరి ఎన్ని అడుగులుందో, ధవళేశ్వరం బ్యారేజీ నుంచి ఎన్ని క్యూసెక్కులు (సెకనుకు ఎన్ని ఘనపుటడుగుల నీరు) వదులుతున్నారో టీవీలో చెబుతారు. ఆ నీరు మీ ఊళ్ళో ఎవరి గుమ్మం దాకా వస్తుందో ఏ టీవీ చెప్పదు. అది ఊరివాళ్ళే రాసుకోవాలి.

భద్రాచలంలో 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరంలో 10 లక్షలు, 13 లక్షలు, 17 లక్షల క్యూసెక్కులు. ఇవి అందరం వింటున్నవే. కానీ "రెండో హెచ్చరిక జారీ" అంటే పాలు పోసే ఆవిడకు ఏం తెలుస్తుంది? రేపు కాజ్‌వే (లంకకు వెళ్ళే ఎత్తు తక్కువ రోడ్డు) మీద నడిచి వెళ్ళవచ్చా, పశువులను ఇప్పుడే తోలుకుపోవాలా అన్నది ఆవిడకు కావాలి. అందుకే మా పుస్తకంలో ఒక పక్క తేదీ, గంట, భద్రాచలం అడుగులు, ధవళేశ్వరం క్యూసెక్కులు రాస్తాం. రెండో పక్క ఆ సమయానికి ఊళ్ళో ఏది మునిగిందో రాస్తాం: కాజ్‌వే, రేవు మెట్లు, పల్లపు కొబ్బరితోట, బడి ముందు బోరు. రెండు మూడు వరదలు రాసేసరికి, ఎంత నీరు వదిలితే ఊళ్ళో ఏది మునుగుతుందో ముందే చెప్పగలిగే స్థితికి వచ్చాం.

పాత వరదల సంగతి పెద్దవాళ్ళను అడగండి. మా ఊళ్ళో ఒక పెద్దావిడ తన ఇంట్లో దీపం పెట్టుకునే గూడు చూపించి, 1986లో నీరు ఇక్కడి దాకా వచ్చిందని చెప్పారు. గూటి అంచున సున్నం కింద ఒండ్రు చార ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ ఎత్తును నీటి గొట్టంతో మట్టం చూసి రామాలయం గోడ మీదకు తెచ్చి ఎర్ర రంగుతో గీత గీశాం. దాని కింద 2022 గీత నీలం రంగులో ఉంది. ఆ ఏడాది భద్రాచలంలో 71.3 అడుగులు, 1986లో 75.6. అంకెలు చెబితే తల ఊపి వెళ్ళిపోయేవారు, ఆ గీత దగ్గర నిలబడితే ముందుగా తమ ఇంటి అరుగు వైపు చూస్తారు.

నీరు ఏ దారిన వస్తుందో కూడా రాయండి. మా ఊళ్ళో అందరి చూపూ రేవు మీదే ఉంటుంది. నిజానికి ముందు వచ్చేది వెనుక వైపు నుంచి, మురుగు కాలువ ఎగదన్ని. ఊరి ముందు ఇంకా పొడిగానే ఉంటుంది, గట్టుకు వెళ్ళే దారి మాత్రం తెగిపోతుంది. కొత్తగా కాపురానికి వచ్చినవాళ్ళకు ఈ సంగతి తెలియదు.

భద్రాచలం అంకె ఒక్కటే చూసి ధైర్యపడవద్దు. శబరి నది భద్రాచలానికి దిగువన, కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. అటు చింతూరు వైపు, ఒడిశాలో గట్టి వానలు పడితే భద్రాచలంలో నీరు తగ్గుతున్నా ధవళేశ్వరంలో పెరుగుతూనే ఉండవచ్చు. భద్రాచలం నీరు ధవళేశ్వరానికి రావడానికి సుమారు ఒక రోజు పడుతుంది. మన చేతిలో ఉండే వ్యవధి అదే. పౌర్ణమికో అమావాస్యకో వరద వస్తే సముద్రం పోటు మీద ఉండి నీటిని త్వరగా లాగదు, ముంపు ఇంకో రోజు నిలుస్తుంది. ఆ తిథులు కూడా పుస్తకంలో రాయండి.

పుకార్ల విషయం. "బ్యారేజీ గేట్లన్నీ ఎత్తేశారు, రాత్రికి ఊరు కొట్టుకుపోతుంది" అన్న మాట ప్రతి ఏడాదీ తిరుగుతుంది. ధవళేశ్వరం బ్యారేజీలో పట్టే నీరు మూడు టీఎంసీల లోపే (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). పెద్ద వరదలో పై నుంచి వచ్చింది వచ్చినట్టే కిందికి వదలడం తప్ప అక్కడ దాచేది లేదు. గేట్లు ఎత్తడం కొత్త ప్రమాదం కాదని వేసవిలోనే ఊరికి వివరించాలి, వరద రోజున చెబితే ఎవరూ వినరు. వాట్సాప్ గ్రూపులో వరద కబురు పెట్టే పని ఇద్దరికే అప్పగించాం. ప్రతి కబురులో చోటు, గంట, ఎవరు చూశారన్నది ఉండాలి. అవి లేని వీడియో ఎంత భయంకరంగా ఉన్నా తీసేస్తాం. మొదట్లో కొందరు అలిగారు, తర్వాత వాళ్ళే కాపలా కాస్తున్నారు. నీరు ఊళ్ళోకి వస్తే ముందు కరెంటు తీసేస్తారు, ఆపైన ఫోన్లు చచ్చిపోతాయి. కాబట్టి గుడిలోనో చర్చిలోనో బ్యాటరీతో పనిచేసే మైకు ఉండాలి. అది చాలదు. ఏ వీధిలో ఎవరు తలుపు తట్టాలో కూడా ముందే రాసిపెట్టాలి.

ఇక మనుషుల జాబితా. గర్భిణులు, మంచం మీద ఉన్నవారు, డయాలసిస్‌కు వెళ్ళేవారు, ఒంటరిగా ఉండే ముసలివాళ్ళు. పేర్లు రాస్తే సరిపోదు, ఒక్కొక్కరికి ఎదురుగా వారిని మోసుకు వెళ్ళేవారి పేరు ఉండాలి. నెలలు నిండినవారిని కాజ్‌వే మునగకముందే గట్టు అవతలికి పంపండి. ఏఎన్ఎం, ఆశా కార్యకర్త దగ్గర ఆ వివరాలు ఉంటాయి, వారిని మొదటి సమావేశానికే పిలవండి.

"రమ్మన్నా రారు, మొండివాళ్ళు" అని లంకవాళ్ళను అధికారులు విసుక్కోవడం విన్నాను. నాకు అది బాధగా ఉంటుంది. గేదెను వదిలి మనిషి ఎలా వెళతాడు? ఆ ఇంటి జీవనం అదే. పశువులకు చోటు చూపిస్తే మనుషులు తమంతట తామే కదులుతారని కాదు, కానీ సగం అభ్యంతరాలు పోతాయి. మేం ఏటిగట్టు పక్క రైతులతో వేసవిలోనే మాట్లాడుకున్నాం: ఏ ఇంటి పశువులు ఎక్కడ కట్టాలి, గడ్డి ఎవరి వాములోంచి తీయాలి, తర్వాత ఎలా తీర్చాలి. ఆఖరి ఘడియలో తోలలేకపోతే పలుపులు విప్పేయాలి. కట్టేసిన పశువు నిలువునా మునుగుతుంది, విప్పిన పశువు ఈదుతుంది.

పడవలు నడిపేవారితో ముందే ఒప్పందం చేసుకోండి. ఎంతమందిని ఎక్కించాలో పడవ మీదే రంగుతో రాయించండి, చీకటి పడ్డాక ప్రయాణం వద్దని ఊరంతా కలిసి తీర్మానించండి. పాసుపుస్తకాలు, ఆధార్ ప్లాస్టిక్ కవరులో కట్టుకోవడం, క్లోరిన్ బిళ్ళలు, పాముల భయం గురించి గ్రామ సచివాలయం వాళ్ళు చెబుతారు కనుక నేను సాగదీయను. ఒకటి మాత్రం మర్చిపోకండి: వరదకు ముందు పంట ఫొటో, తర్వాత ఫొటో. నష్టం లెక్క రాసేటప్పుడు అవి పనికొస్తాయి.

ఎర్రనీరు (వరదతో వచ్చే కొత్తనీరు) రాకముందే, అంటే జూన్ మొదటి వారాల్లోనే ఈ పని మొదలుపెట్టండి. సహాయానికి 112, రాష్ట్ర విపత్తుల కంట్రోల్ రూమ్ 1070 నంబర్లు మైకు దగ్గరే అంటించండి. మీకు పైనున్న లంకలో ఒకరి ఫోను నంబరు, కిందున్న లంకలో ఒకరి నంబరు సంపాదించండి. మా కాజ్‌వే మునిగిన గంట మేం కింది ఊరికి చెబుతాం, పై ఊరివాళ్ళు మాకు చెబుతారు.