జర్మనీలో చెత్త లెక్క: యూరోలు ఎక్కడ పోతాయి, ఎక్కడ తిరిగొస్తాయి

జర్మనీకి కొత్తగా వచ్చినవాళ్లు నెలకెంత మిగులుతుందో లెక్కేసుకునేటప్పుడు అద్దె, కరెంటు, ఇన్సూరెన్సు, రైలు పాసు అన్నీ రాసుకుంటారు. చెత్త ఖర్చు మాత్రం ఎవరూ రాసుకోరు, ఎందుకంటే దానికి విడిగా బిల్లు రాదు. అద్దెతో పాటు కట్టే నేబెన్‌కోస్టెన్‌లో కలిసిపోయి, ఏడాది లెక్క తేల్చే కాగితం వచ్చినప్పుడు బయటపడుతుంది. అప్పుడు గుండె బాదుకుని లాభం లేదు.

ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. ఇంటి ముందున్న డబ్బాల్లో అసలు ఖర్చు నల్ల డబ్బాది, కొన్ని ఊళ్లలో బూడిద రంగుది. అందులో పడేది రెస్ట్‌మ్యుల్, అంటే ఇంకెక్కడా వేయడానికి వీల్లేని చెత్త. డబ్బా ఎంత పెద్దది, ఎన్నిసార్లు ఖాళీ చేస్తారు అన్నదాన్ని బట్టి రుసుము. ప్యాకింగ్ చెత్త వేసే పసుపు డబ్బాకు, పసుపు సంచికి విడిగా రుసుము లేదు. ఆ ఖర్చు ప్యాకింగ్ చేసిన కంపెనీలు భరిస్తాయి, వాళ్లు దాన్ని వస్తువు ధరలోనే కలిపేస్తారు. కాబట్టి పెరుగు డబ్బానో, ప్లాస్టిక్ నూనె సీసానో నల్ల డబ్బాలో వేస్తే ఒకే చెత్తకు రెండుసార్లు డబ్బు కట్టినట్టే.

ఇక మీ జేబుకు నేరుగా తగిలేది ఫాండ్, అంటే సీసా మీద కట్టే డిపాజిట్. షెల్ఫ్ మీద నీళ్ల సీసా ధర ఒకటుంటుంది, బిల్లులో ఇంకా ఎక్కువ పడుతుంది. ఆ తేడా ఇదే. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ సీసాకు, పానీయాల రేకు డబ్బాకు 25 సెంట్లు. మళ్లీ నింపే బీరు సీసాకు మామూలుగా 8 సెంట్లు, మళ్లీ నింపే నీళ్ల సీసాకు 15 సెంట్లు. 2022 జనవరి నుంచి పళ్లరసాల ప్లాస్టిక్ సీసాలకు, 2024 జనవరి నుంచి పాలూ పాల పానీయాల ప్లాస్టిక్ సీసాలకు కూడా 25 సెంట్లు పడుతోంది. వైన్ సీసాకు, అట్ట పెట్టెలో వచ్చే పాలకు, రసానికి డిపాజిట్ లేదు.

లెక్క చూడండి. ఆరు సీసాల నీళ్ల ప్యాక్‌కు ఒకటిన్నర యూరో డిపాజిట్. వారానికి రెండు ప్యాకులు కొనే ఇంట్లో ఏడాదికి 156 యూరోలు. ఖాళీ సీసాల్ని పసుపు సంచిలో వేసేవాళ్లు ఆ సొమ్మంతా చేజేతులా పారేస్తున్నారు. మన పిల్లల గదుల్లో ఇది అడుగడుగునా కనిపిస్తుంది, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. అసలు ఇక్కడి కుళాయి నీళ్లు కట్టుదిట్టమైన పరీక్షల మీద వస్తాయి, నిక్షేపంగా తాగొచ్చు. అది అలవాటైతే డిపాజిట్ గొడవ సగం తీరిపోతుంది.

సీసాలు తిరిగిచ్చేటప్పుడు చాలామంది ఒకేచోట పొరపాటు పడతారు: సంచిలో పట్టడం లేదని తొక్కి చప్పిడి చేస్తారు. మెషీన్ సీసా మీద ఉన్న బార్‌కోడ్‌నూ డిపాజిట్ గుర్తునూ చదివి డబ్బిస్తుంది. నలిగినా, లేబుల్ ఊడినా చదవలేక వెనక్కి తోసేస్తుంది. అందుకే లేబుల్ పీకకండి, మూత కూడా ఉండనివ్వండి. లోపల నీళ్లు మిగిలితే బరువు తేడా వల్ల కూడా తీసుకోకపోవచ్చు, వంపేసి తీసుకెళ్లండి. మెషీన్ వద్దన్న సీసా మీద గుర్తు చదవడానికి వీలుగానే ఉంటే కౌంటర్లో ఉన్న మనిషిని అడగండి, మొహమాటపడొద్దు. 200 చదరపు మీటర్లు దాటిన దుకాణం ప్లాస్టిక్ సీసాలు అమ్ముతుంటే, వేరేచోట కొన్న 25 సెంట్ల ప్లాస్టిక్ సీసా కూడా తీసుకోవాలి. చిన్న కొట్టువాళ్లు తాము అమ్మే బ్రాండ్లకే పరిమితం కావొచ్చు. 8, 15 సెంట్ల సీసాల సంగతి వేరు, అలాంటివి అమ్మే చోటే ఇవ్వాలి. చవక డిస్కౌంట్ షాపుల్లో చాలావాటిలో అవి తీసుకోరు. క్రేటుతో కొంటే క్రేటుకు కూడా డిపాజిట్ ఉంటుంది, సాధారణంగా ఒకటిన్నర యూరో. 20 బీరు సీసాల నిండు క్రేటు ఇస్తే 3.10 వెనక్కొస్తుంది. సీసాలిచ్చేసి క్రేటును బాల్కనీలో చెప్పుల స్టాండు చేసుకునేవాళ్లున్నారు.

మెషీన్ ఇచ్చే చీటీని ఆ రోజే బిల్లులో తగ్గించుకోండి. ఆ కాగితం వేడికి నల్లబడే రకం, జేబులో కొన్నాళ్లుంటే అక్షరాలు మాసిపోతాయి. అన్నట్టు, అలాంటి చీటీలూ బిల్లులూ కాగితాలు వేసే నీలం డబ్బాలో వేయకూడదు, వాటి పూత వల్ల. అవి నల్ల డబ్బాకే.

పసుపు సంచిలోకి వెళ్లేది ప్యాకింగ్ మాత్రమే. ప్లాస్టిక్ అల్లిక బియ్యం సంచి వెళ్తుంది, మసాలా ప్యాకెట్ వెళ్తుంది, పాల అట్ట పెట్టె వెళ్తుంది. విరిగిన బకెట్, పిల్లల బొమ్మ చాలా ఊళ్లలో వెళ్లవు. బెర్లిన్ లాంటి కొన్నిచోట్ల అవీ తీసుకుంటారు. ఊరిని బట్టి మారే ఇలాంటివి మీ మున్సిపాలిటీ వెబ్‌సైట్లో చూసుకోండి. డబ్బాలు కడగక్కర్లేదు, గరిటెతో గీకి ఖాళీ చేస్తే చాలు. వేడినీళ్లు పెట్టి కడిగితే ఆ నీళ్లకూ మీరే బిల్లు కడతారు. పెరుగు డబ్బా మీది అల్యూమినియం రేకును పూర్తిగా పీకి విడిగా వేయండి, డబ్బాల్ని ఒకదాంట్లో ఒకటి దూర్చకండి. ప్లాంటులో పరారుణ కాంతితో ప్లాస్టిక్ రకాన్ని గుర్తుపట్టి వేరు చేస్తారు. రెండు రకాలు అతుక్కుని ఉంటే యంత్రానికి తెలియదు. కార్బన్ కలిపిన నల్ల ప్లాస్టిక్ ఆ కాంతిని పీల్చేస్తుంది కాబట్టి దాన్ని గుర్తుపట్టడమూ కష్టం, వీలైతే కొనేటప్పుడే మానండి.

గోధుమ రంగు బియో డబ్బాలో ఉల్లి తొక్కలు, కరివేపాకు రెబ్బలు, టీ పొడి వేసుకోవచ్చు. వండిన అన్నం, ఎముకలు ఊరిని బట్టి. ప్లాస్టిక్ కవరుతో సహా మాత్రం పడేయకూడదు. మట్టిలో కలిసిపోతుందని రాసి అమ్మే సంచుల్నీ చాలా ఊళ్లు ఒప్పుకోవు, ప్లాంటులో దొరికే కొద్ది వారాల్లో అవి పూర్తిగా కుళ్లవు. న్యూస్‌పేపర్లో చుట్టి వేయండి, తడి పీల్చుకుంటుంది, పురుగు తగ్గుతుంది. డబ్బాలో తప్పుడు చెత్త కనిపిస్తే బండివాళ్లు స్టిక్కర్ అంటించి వదిలేసి వెళ్లిపోతారు. ఆ తర్వాత దాన్ని రెస్ట్‌మ్యుల్ కింద ప్రత్యేకంగా తీయించడానికి డబ్బు కట్టాలి. ఎవరు వేశారో తేలకపోతే ఆ ఖర్చు బిల్డింగు మొత్తానికి పంచడం మామూలు. పార్సిల్ పెట్టె మీద మీ పేరుంటే తేలిపోతుంది కూడా.

గాజు సీసాలు వీధి కంటైనర్లలో తెలుపు (అంటే రంగులేనివి), గోధుమ, ఆకుపచ్చ రంగుల వారీగా వేయాలి. నీలం లాంటి వేరే రంగులు ఆకుపచ్చలోకి. తాగే గ్లాసు, ఓవెన్ గిన్నె, పింగాణీ వేయొద్దు, అవి సీసా గాజు కరిగే వేడికి కరగవు. ఆదివారం, సెలవు రోజు, రాత్రిపూట వేస్తే చప్పుడుకు ఫిర్యాదొస్తుంది, జరిమానా కూడా పడొచ్చు.

వేయించిన నూనె సింకులో పోశారా, పైపులో గడ్డకట్టి మూసుకుపోతుంది. మీ వల్లేనని తేలితే ప్లంబర్ బిల్లు మీదే. చల్లారాక ఖాళీ సీసాలో పోసి బిరడా బిగించి నల్ల డబ్బాలో వేయండి. కొన్ని ఊళ్లలో నూనెను విడిగా సేకరిస్తారు.

బ్యాటరీలు అమ్మే దుకాణంలోనే వాటి పెట్టె ఉంటుంది. లిథియం బ్యాటరీ కొసలకు టేపు అంటించండి, లేకపోతే నిప్పంటుకోవచ్చు. పాత ఛార్జరు, ట్రిమ్మరు లాంటి 25 సెంటీమీటర్లు దాటని వస్తువులను, ఎలక్ట్రిక్ సామాను కూడా అమ్మే 800 చదరపు మీటర్ల పెద్ద సూపర్‌మార్కెట్లు 2022 జులై నుంచి ఉచితంగా తీసుకోవాలి, కొత్తది కొనకపోయినా సరే.

ఇల్లు మారేటప్పుడే అసలు దెబ్బ. పరుపు, సోఫా, మంచం ష్పెర్‌మ్యుల్, అంటే డబ్బాలో పట్టని పెద్ద సామాను కిందికి వస్తాయి. కొన్ని ఊళ్లలో ఏడాదికి ఒకట్రెండుసార్లు ఉచితం, బెర్లిన్ లాంటి చోట డబ్బు. చాలాచోట్ల ముందుగా తేదీ తీసుకోవాలి, నెలాఖర్లలో వారాల తరబడి దొరకదు. "ఉచితం, తీసుకెళ్లండి" అని చీటీ పెట్టి ఫుట్‌పాత్ మీద వదిలేస్తే చాలా నగరాల్లో జరిమానా. సెల్లార్లో వదిలేస్తే ఇంటి యజమాని తీయించి, ఆ ఖర్చు ఇల్లు తీసుకున్నప్పుడు మీరు కట్టిన డిపాజిట్లో కోస్తాడు, ఆ డిపాజిట్ మూడు నెలల అద్దె దాకా ఉంటుంది. అద్దె ఇల్లు వదులుతామని నోటీసు ఇవ్వడానికి మూడు నెలల గడువు ఉంటుంది కదా, ఆ ఉత్తరం పోస్టులో వేసిన వారంలోనే ష్పెర్‌మ్యుల్ తేదీ కూడా పెట్టించుకోండి.