తీర్మానం చేస్తే కోర్సు పోతుందా, డబ్బులొస్తాయా?

ప్రశ్న: నమస్తే అన్నగారూ. మా అమ్మాయి ఫ్లోరిడాలో ఎంఎస్ చేస్తోంది. అక్కడి శాసనసభ యూనివర్సిటీల్లో సోషియాలజీ తీసేసిందని మా వాట్సాప్ గ్రూపులో ఒకటే గోల. అదే సభ, అన్యాయంగా జైల్లో మగ్గినాయన ఒక్కడి కోసం ఓటేసి మరీ డబ్బులిచ్చిందట. నిజమేనా? మన అసెంబ్లీ కూడా ఇలా తీర్మానం చేయొచ్చా?
– ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు మీ అమ్మాయి సంగతి, కంగారేం లేదమ్మా, ఆ గొడవంతా డిగ్రీ పిల్లలది, ఎంఎస్‌కి సంబంధం లేదు. 2023లో అక్కడి సభ ఒక చట్టం చేసింది, డిగ్రీలో అందరూ కామన్‌గా చదివే సబ్జెక్టులు ఎలా ఉండాలో హద్దులు గీసింది. ఆ లిస్టులోంచి సోషియాలజీని తీసింది మాత్రం సభ కాదు, యూనివర్సిటీల మీదుండే బోర్డ్ ఆఫ్ గవర్నర్స్, 2024 జనవరిలో. దాని బదులు అమెరికా చరిత్ర పెట్టారు. కావాలంటే సోషియాలజీ ఇప్పటికీ చదువుకోవచ్చు, కాకపోతే లిస్టులో లేని సబ్జెక్టులో పిల్లలెంతమంది చేరతారు చెప్పండి, బ్యాన్ చేయలేదుగా అనేవాళ్లు ఈ ముక్క మింగేస్తారు.

డబ్బుల కథ కూడా నిజమే. విలియం డిలన్ అని, చేయని హత్యకి 1981లో శిక్షపడి 27 ఏళ్లు లోపలున్నాడు, డీఎన్ఏ టెస్టు పుణ్యమా అని 2008లో బయటపడ్డాడు. ఇలాంటివాళ్లకి ఏడాదికి 50 వేల డాలర్ల చొప్పున ఇచ్చే చట్టం అదే ఏడాది వచ్చింది కానీ అంతకుముందు నేరం రికార్డులో ఉంటే అప్పట్లో ఇచ్చేవాళ్లు కాదు, ఈయనకేమో కుర్రతనంలో ఓ చిన్న డ్రగ్స్ కేసుంది. దాంతో ఆయన ఒక్కడి కోసం సభ బిల్లు పాస్ చేయాల్సొచ్చింది, 2012లో గవర్నర్ సంతకం పెట్టాడు, వచ్చింది 13.5 లక్షల డాలర్లు. లెక్కేసుకోండి, 27 ఇంటూ 50 వేలు. ఒక్క డాలరు ఎక్కువ లేదు, దీనికి మూడేళ్లకి పైగా తిరిగాడు పాపం. ఇంకోటి, అది తీర్మానం కాదమ్మా, బిల్లు.

తీర్మానమంటే సభ తన మాట చెప్పడమే, చాలావరకు అంతే. 2022 ఏప్రిల్‌లో తమిళనాడు అసెంబ్లీ సెంట్రల్ యూనివర్సిటీల ఎంట్రన్స్ పరీక్ష సీయూఈటీ వద్దని తీర్మానం చేసింది, పరీక్ష ఆగిందా? మన ఏపీలోనే 2020 జనవరిలో మండలి రద్దు చేయమని తీర్మానం చేసి ఢిల్లీకి పంపి, 2021 నవంబర్‌లో మళ్లీ వాళ్లే వెనక్కి తీసుకున్నారు! ఇక కోర్సులంటారా, యూనివర్సిటీ చట్టం చేసేది సభే అయినా సిలబస్ దగ్గర కూర్చునేది బోర్డ్ ఆఫ్ స్టడీస్ అనే ప్రొఫెసర్ల కమిటీ, పైన యూజీసీ రూల్స్ ఎలాగూ ఉంటాయి.

మనిషికి పరిహారమైతే మన దగ్గర సభ దాకా పోదు, ప్రభుత్వం జీవో ఇవ్వాలి, లేదా కోర్టు చెప్పాలి. బీహార్‌లో రుదుల్ షా అనే ఆయన 1968లో నిర్దోషిగా తేలాక కూడా 14 ఏళ్లు జైల్లోనే ఉండిపోయాడు, 1983లో సుప్రీంకోర్టు ఇప్పించింది 30 వేలు, అంతకుముందు ప్రభుత్వం ఇచ్చిన 5 వేలు కాక. ఇలాంటివాళ్ల కోసం ఒక చట్టం కావాలని లా కమిషన్ 2018లో రిపోర్టిచ్చింది. మీ గ్రూపులో ఎవరికైనా నిజంగా ఇలాంటి అవసరం పడితే మాత్రం ఎమ్మెల్యేగారి ఇంటి చుట్టూ తిరక్కుండా మంచి లాయర్ని పట్టుకుని హైకోర్టులో రిట్ వేయమనండి.