ఇసుకలో పాకే ఊదారంగు పూల తీగ అడవి చిక్కుడేనా?

సూర్యలంక దగ్గర ఇసుక దిబ్బల మీద ఊదారంగు పూల తీగ చూశానని, కాయలు లావుపాటి చిక్కుళ్లలా ఉన్నాయని, వండుకోవచ్చా అని అడిగారు. ముందు ఆఖరి ప్రశ్నకే జవాబు చెప్తాను. వండొద్దండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ గింజలు ఇంటికి కూడా తేవద్దు.

మీరు చెప్పిన గుర్తుల్ని బట్టి అది కెనవేలియా రోజియా (ఇది శాస్త్రీయ నామం) అయి ఉండాలి. బఠానీ కుటుంబం తీగే, పెరట్లో పందిరికి పాకించే తమ్మకాయ తీగకి దగ్గరి చుట్టం. "అయి ఉండాలి" దగ్గరే ఎందుకు ఆగుతున్నానంటే, సరిగ్గా ఈ తీగ దగ్గరే నేనొకసారి పొరబడ్డాను. డిగ్రీ రెండో సంవత్సరంలో హెర్బేరియం (ఎండబెట్టి పేర్లు రాసి దాచే మొక్కల సేకరణ) కోసం చీరాల వాడరేవుకి వెళ్లి, ఒక చోట పువ్వు, పక్కనే ఆకు కోసి, పేపర్ల మధ్య నొక్కి, పేరు రాసి ఇచ్చాను. మా మేడమ్ లెన్స్ పెట్టి చూసి, "ఈ ఆకుకీ ఈ పువ్వుకీ సంబంధం లేదమ్మా" అన్నారు. పువ్వు కెనవేలియాది, ఆకు బాలబంద తీగది. ఆ రెండూ ఇసుకలో ఒకదాన్నొకటి అల్లుకుని పెరుగుతాయి, రెండింటి పూలూ దూరానికి ఒకే రంగులో కనిపిస్తాయి. మళ్లీ బస్సెక్కి వాడరేవు వెళ్లాల్సి వచ్చింది. అప్పట్నుంచి పువ్వు దగ్గర వేలు పెట్టి, అదే కాడ వెంట ఆకు దాకా, వీలైతే వేరు దాకా వెళ్తాను. మీరూ ముందు ఆ పని చేయండి.

బాలబంద అయితే ఒకే ఆకు, కొసన రెండుగా చీలి మేక గిట్టలా ఉంటుంది. తుంచితే పాలు కారతాయి. పువ్వు గరాటాలా, రేకులన్నీ కలిసిపోయి ఉంటుంది. అది బఠానీ కుటుంబం కానే కాదు. కెనవేలియాకి ఒక్కో కాడకి మూడేసి మందపాటి గుండ్రటి ఆకులు. పువ్వులో రేకులు ఐదు: పెద్దది ధ్వజం, పక్కన రెండు బాహువులు, అడుగున రెండు కలిసి పడవలా ఉండే ద్రోణి. చాలా బఠానీ పూలలో ధ్వజం పైకి నిలబడుతుంది. దీనిలో పువ్వు తలకిందులై ధ్వజం కిందికి వస్తుంది. శంఖపుష్పం కూడా అంతే, ఇంటి ముందుంటే ఒకసారి పోల్చి చూడండి. కెనవేలియా కాయ జానెడుకి కాస్త తక్కువ పొడవు, మందంగా, అంచు వెంట గట్లు తేలి ఉంటుంది. గింజలు ఉప్పునీటిలో తేలతాయి కాబట్టే ఈ తీగ తీరం తీరమంతా పాకింది.

అదే ఇసుకలో ఇంకొన్ని కనిపిస్తాయి. వెంపలి చిన్న ఊదా పూలతో గుబురుగా ఉంటుంది. దాని చిన్న ఆకుని (పత్రకాన్ని) కొస పట్టుకుని లాగితే అడ్డంగా తెగదు, బాణం మొనలా తెగుతుంది. నీలి మొక్కలనీ దీన్నీ కలిపేసుకునే వాళ్లకి నేను మొదట చెప్పే గుర్తు ఇదే. గిలిగిచ్చకి పువ్వు అచ్చం బఠానీ పువ్వే, ఆకు మాత్రం విడివిడిగా ఒక్కటే ఉంటుంది. అందుకే కొత్తగా చూసేవాళ్లు చాలామంది దీన్ని ఈ కుటుంబంలోదని అనుకోరు. కాయ ఎండాక ఊపితే లోపల గింజలు గలగలమంటాయి, ఇక అనుమానం ఉండదు. వరి కోసిన పొలాల్లో పశువుల మేతకి చల్లే పిల్లిపెసర కూడా గట్ల వెంట తనంతట తనే మొలుస్తుంది. పసుపు పూలు, మూడు పాయలుగా చీలిన ఆకులు.

పువ్వు ఒక్కటే నమ్ముకోవద్దని చెప్పడానికి ఇంకో కారణం ఉంది. తంగేడు, గచ్చ, సర్కారు తుమ్మ కూడా ఈ కుటుంబానివే, పూలు మాత్రం బఠానీ పూలలా ఉండవు. మేం చదివినప్పుడు ఉపకుటుంబాలు మూడు, 2017 వర్గీకరణ తర్వాత ఆరయ్యాయి. వీటన్నింటినీ కలిపేది కాయ. అందుకని కాయ వచ్చేదాకా ఆగడం మంచిది.

ఇక విషం సంగతి, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని బతిమాలుకుంటున్నాను. కెనవేలియా పచ్చి గింజల్లో విష పదార్థాలుంటాయి. గిలిగిచ్చ జాతి మొక్కల్లో కాలేయాన్ని పాడు చేసేవి ఉన్నాయి. తీరం వెంట కంచెల మీద పాకే గురివింద గింజ నమిలితే అబ్రిన్ అనే విషం బయటికొస్తుంది, ప్రాణం పోవచ్చు. దూలగొండి కాయ మీది నూగు తగిలితే చాలు, ఒళ్లంతా దురద. మా పిన్ని కూతురు ఆ కాయని మెత్తగా ఉందని చెంపకి రాసుకుంటే రాత్రంతా ఏడ్చింది.

ఊరి పెద్దలు చెప్పే పేరు కూడా తప్పకుండా రాసుకోండి. 1780ల్లో సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ అనే వృక్షశాస్త్రవేత్త ఈ ప్రాంతపు మొక్కలకి లాటిన్ పేర్లతో పాటు తెలుగు పేర్లూ రాసిపెట్టాడు. ఆ పేర్లు చెప్పేవాళ్లు మన ఊళ్లలో ఇప్పుడు తగ్గిపోతున్నారు, అదే నా బాధ.

ఈసారి వెళ్లినప్పుడు నాలుగు ఫొటోలు తీసి ఇక్కడ పెట్టండి: ఆకు కాడకి అతికిన చోటు, పువ్వు పక్కనుంచి, కాయ అంచు, చీల్చిన కాయలో గింజలు. నాలుగూ ఒకే తీగవై ఉండాలి.