నచ్చదనుకున్న నలుపు

ఎప్పుడూ ఇష్టం లేదనుకున్న రంగు ఏదైనా తర్వాత నచ్చిందా, ఎలా నచ్చింది అని అడిగారు. నాకైతే అది నలుపు.

ఇష్టం లేదు అనడం కంటే, మా ఇంట్లో ఆ రంగు అసలు లెక్కలోకే వచ్చేది కాదు అనాలి. పండక్కి బట్టలు తీసుకుందామని వెళ్తే షాపతను నల్లచీర మడత విప్పకముందే మా అమ్మ "అది పక్కన పెట్టు నాయనా" అనేసేది. పెళ్ళికి వద్దు, పేరంటానికి వద్దు, పుట్టినరోజుకి అసలే వద్దు. దానికి తోడు నాది చామనచాయ. "నలుపు వేసుకుంటే ఇంకా నల్లగా కనబడతావే" అని మా పెద్దమ్మ. మళ్ళీ ఆవిడే ఇంకోసారి "నలుపు నారాయణ మెచ్చు" అని ఓదార్చేది. నారాయణుడు మెచ్చితే సరా, పెళ్ళివారు కదా మెచ్చాల్సింది అన్నది ఆవిడ అసలు బెంగ.

తమాషా ఏమిటంటే, చూసుకుంటే ఇంటినిండా నలుపే. అమ్మ మెడలో నల్లపూసలు, చంటిపిల్లల బుగ్గన దిష్టిచుక్క, కాలికి నల్లతాడు. కార్తీకమాసంలో మాల వేసుకుంటే మా బాబాయి దీక్ష అయ్యేదాకా నల్లబట్టల్లోనే తిరిగేవాడు. ఏడాదంతా తిండి పెట్టిన పొలం నల్లరేగడి. ఇవేవీ ఎవరికీ అభ్యంతరం కాదు. అడిగితే "అది వేరు" అంటారు. ఎలా వేరో ఎవరూ చెప్పరు.

నా చూపు మారింది శ్రీకాళహస్తిలో. మా అత్తయ్యగారిని రాహుకేతు పూజకు తీసుకెళ్ళాం. పూజ అయ్యాక రైలుకి బోలెడు టైముంది, బయట ఎండ మండిపోతోంది. కలంకారీ వేసే ఇల్లు ఒకటుందని ఆటో అతను చెబితే, కాస్త నీడపట్టున కూర్చోవచ్చు కదా అని వెళ్ళాం. అంతే తప్ప కళాపోషణ ఉద్దేశమేమీ లేదు.

అక్కడ ఒక పెద్దాయన నేల మీద కూర్చుని బొమ్మ గీస్తున్నారు. చేతిలో కలం అంటే, కొన చెక్కిన వెదురుపుల్ల. కొనకు కొంచెం పైన ఉన్నిగుడ్డ ఉండలా చుట్టి దారంతో బిగించారు. దాన్ని గిన్నెలో ముంచి, వేళ్ళతో ఆ ఉండని మెల్లగా నొక్కుతూ గీస్తారు. గిన్నెలో ఉన్నది నలుపు కాదు, టీ డికాషన్ రంగు నీళ్ళు. గుడ్డ లేత పసుపుపచ్చ. కానీ పుల్ల వెళ్ళిన దారంతా దాని వెనకాలే గీత నల్లబడుతూ వస్తోంది. ఒక కన్ను, ఒక ముక్కు, దండ చేతికి కడియం. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే ఆయన నవ్వి, "కసింకారం అమ్మా, ఇనుము" అన్నారు.

తుప్పు పట్టిన ఇనపముక్కలు, బెల్లం, నీళ్ళు కుండలో పోసి వారాల తరబడి ఊరనిస్తే వచ్చే ద్రావణమట అది. గుడ్డనేమో ముందే కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఎండబెడతారు. పాలలోని కొవ్వు వల్ల గీత పక్కకి పాకదు. కరక్కాయలోని వగరుకి ఇనుము తగలగానే నలుపు పుడుతుంది. ఇది మనకి కొత్తేమీ కాదు. అరటికాయ తరిగినప్పుడు ఇనపకత్తి నల్లబడేది కూడా ఈ లెక్కనే. యూరప్‌లో వందల ఏళ్ళు రాతకి వాడిన సిరా ఇంతే: మాచికాయల వగరు, అన్నభేదిలోని ఇనుము.

అప్పటిదాకా నలుపు అంటే డబ్బాలోంచి తీసి పూసేదే అనుకున్నాను. నల్లగా లేని రెండు పదార్థాలు కలిసి గుడ్డ మీదే నలుపు కావడం చూశాక ఆ రంగుని తేరిపార చూడబుద్ధేసింది. చూస్తే అది ఒట్టి నలుపు కూడా కాదు. గీత సన్నగా ఉన్నచోట కాఫీగింజ ఛాయ, కలం కాసేపు ఆగినచోట చిక్కటి కాటుక. పక్కనే మా ఆయన నల్ల టీషర్టు వేసుకుని నిలబడ్డారు. ఆ మిల్లు నలుపు పక్కన పెడితే ఇది ఊపిరి తీసుకుంటున్నట్టుంది. నాకు ఇన్నాళ్ళూ నచ్చనిది ఆ మిల్లు నలుపేనని అక్కడే తెలిసింది. అది ఇప్పటికీ నచ్చదు.

తర్వాత పెడన వెళ్ళినప్పుడు ఇదే సంగతి ఇంకో పద్ధతిలో కనబడింది. కాళహస్తిలో కలంతో గీస్తారు, పెడన, మచిలీపట్నం వైపు టేకు అచ్చులతో అద్దుతారు. అక్కడ ఇనుప ద్రావణంలో జిగురు కలిపి చిక్కబరుస్తారు. నలుపు పడాల్సిన చోట ఇనుము, ఎరుపు రావాల్సిన చోట పటిక అద్ది, ఆ తర్వాత గుడ్డని రంగు కాగులో ఉడికిస్తారు. పటిక అద్దినచోట ఎరుపు తేలుతుంది. ఆ ఎరుపుకి అంత అందం ఎక్కడిదా అని చూస్తే, చుట్టూ ఉన్న నల్లగీతది. ఆ గీతని వేలితో మూసి చూడండి, పువ్వు వెలవెలబోతుంది.

ఒకసారి ఈ పిచ్చి పట్టాక ఎక్కడికెళ్ళినా నలుపే కనబడటం మొదలైంది. పాలంపేట రామప్ప గుడికి చిన్నప్పుడు స్కూలు వాళ్ళు తీసుకెళ్ళారు. అప్పుడు నాకు గుర్తున్నది పులిహోర ఒక్కటే. ఈమధ్య మళ్ళీ వెళ్ళాను. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం బాగా పెరిగారు. గుడి ఒళ్ళంతా ఎర్రటి ఇసుకరాయి. చూరు కింద వాలుగా నిలబడ్డ మదనికలు, అంటే నాట్యం చేసే ఆడవాళ్ళ బొమ్మలు, మాత్రం నల్లరాయి. ఇన్ని వందల ఏళ్ళ తర్వాత కూడా ఆ నునుపు మీద వెలుతురు జారుతోంది. అదే శిల్పం ఎర్రరాయిలో చెక్కి ఉంటే అంత సన్నని నడుమూ, ఆ మెడలో గొలుసులూ అంత తేటగా తెలిసేవి కావు. కర్ణాటకలోని బీదర్ వెళ్తే బిద్రీ పని, అంటే నల్లటి లోహపు సామాన్ల మీద వెండి పొదిగే పని, కూడా చూడండి. జస్తంలో (జింకు) కొంచెం రాగి కలిపి పోత పోసి, వెండి పొదిగి, చివర్లో బీదర్ కోటలోని మట్టిని నవాసాగరంతో కలిపి పూస్తారు. లోహం నల్లబడుతుంది, వెండి తెల్లగానే ఉంటుంది.

అలాగని నలుపులో ఇబ్బందులు లేవనను. పెడనలో కొన్న చీర కట్టుకుని ఒక ఫంక్షన్‌కి వెళ్తే కుచ్చిళ్ళ మీద నిమ్మకాయ నీళ్ళు ఒలికాయి. ఇంటికొచ్చి చూస్తే ఆ మేరకు నలుపు వెలిసి బూడిదరంగు తేలింది. పులుపు పడితే ఈ ఇనుప నలుపు నిలవదు. ఇంకోటి, ఇనుము కాలక్రమంలో నూలుని తినేస్తుంది. పాత కలంకారీ గుడ్డల్లో మిగతా రంగులున్నచోట నేత గట్టిగానే ఉంటుంది, ముందు చిల్లులు పడేది నల్లగీతల దగ్గరే. ఎంతో ఇష్టపడి కొన్నదాని గురించి ఇది తెలిసినప్పుడు కాస్త బాధేసింది. కుంకుడురసంతో ఉతికి నీడలో ఆరేయడం తప్ప మనం చేయగలిగింది పెద్దగా లేదు.

మీకూ నలుపంటే మొహమాటంగా ఉంటే ఒకేసారి చీరకి వెళ్ళొద్దు. ఏ ఆవపిండి రంగు చీర మీదకో నల్ల కలంకారీ జాకెట్టు కుట్టించుకోండి. నాకు అలాగే అలవాటైంది. కొనేటప్పుడు స్క్రీన్ ప్రింటు అంటగట్టకుండా చూసుకోండి. దాంట్లో నలుపు గుడ్డంతా ఒకే మందాన, ఒకే ఛాయలో ఉంటుంది, వెనక వైపు తిప్పితే చాలాసార్లు వెలిసినట్టుంటుంది. చేత్తో గీసినదైతే గీత ఒకచోట లావు, ఒకచోట సన్నం. కొత్తగుడ్డకి కొంచెం పాల వాసన కూడా ఉంటుంది, రెండు ఉతుకులకి పోతుంది.

మా అమ్మ సంగతంటారా, మొన్న మా తమ్ముడి గృహప్రవేశానికి నలుపూ ఎరుపూ కలిసిన చీరే కట్టుకెళ్ళాను. పైనుంచి కిందికి చూసి, "అంచు ఎరుపేగా, పర్లేదులే" అంది. పూజ దగ్గర మాత్రం ముందు వరుసలో కూర్చోనివ్వలేదు.